ఎవరి పాళీలో తీసిన లెక్క?

మొన్న సూరత్ పక్కన కిమ్ అనే ఊరి దగ్గర ఒక కొత్త సైజింగ్ యూనిట్‌కు వెళ్లాను. గేటు దాటానో లేదో వేడి గంజి వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. దాని వెనకే వేరుశెనగ పొట్టు కాలుతున్న వాసన, కాస్త కమురు, కాస్త కమ్మదనం. ఇరవై అడుగులు వేస్తే ఆఫీసు గది, అందులో ఏసీ, చల్లటి మంచినీళ్లు, నా కోసం వేసిన కుర్చీ. నేను మాత్రం ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. యజమాని కంగారుపడి, "ఏమైంది మేడమ్, కళ్లు మండుతున్నాయా?" అని హిందీలో అడిగాడు. మండుతున్నాయనే చెప్పాను. రాజమల్లు కాక పోయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఈ వాసన తగిలితే నాకు కళ్లు మండుతాయి, ఏం చేయను!

నా పనేమిటో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ అంతుపట్టదు. సూరత్ చుట్టుపక్కల చిన్న చిన్న యూనిట్లకు వెళ్లి, బొగ్గు మండించాలా, గ్యాస్ పెట్టుకోవాలా, కరెంటు మీద నడపాలా, ఏది ఎవరికి చవక పడుతుందో లెక్క తీసి చెబుతాను. మా అమ్మ మేముండే లింబాయత్ గల్లీలో అందరికీ ఒక్క ముక్కలో చెప్పేస్తుంది: "మా పిల్ల పెద్దపెద్దోళ్ల పొయ్యిలు జూస్తది." మొదట్లో ఆ మాటకు ఒళ్లు మండేది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఇంతకంటే సరైన మాట నా విజిటింగ్ కార్డు మీద కూడా లేదు. ఆ పొయ్యి చూడటం నాకు నేర్పింది రాజమల్లు కాక.

డిప్లొమా అయిపోగానే నాకు దొరికిన మొదటి నౌకరి కూడా కిమ్‌లోనే, ఒక పాత సైజింగ్ యూనిట్‌లో. మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించి, ఆవిరితో వేడెక్కిన ఉక్కు డ్రమ్ముల మీద ఆరబెట్టి, బీములకు చుట్టే పని అక్కడ జరిగేది. బీమంటే ఇద్దరు మనుషులు కలిసి దొర్లించాల్సినంత పెద్ద ఇనుప కండె. ఆవిరి లేకపోతే అక్కడ ఏ పనీ లేదు. ఆ ఆవిరి పుట్టేది వెనక షెడ్డులోని బొగ్గు బాయిలర్‌లో. మా సేఠ్ గుజరాతీ పెద్దమనిషి, మంచివాడే, కానీ ఇంధనం ఖర్చు తలచుకుంటే ఆయనకు తిన్నది ఒంటపట్టేది కాదు. చేరిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు వేళ్లు చూపించాడు. ఒకటి, ఇప్పుడు వాడుతున్న బొగ్గు. రెండు, తెల్లబొగ్గు, అంటే వేరుశెనగ పొట్టూ పత్తికట్టే నలిపి దుంగల్లా అచ్చుగుద్దినది. మూడు, గ్యాస్. నాలుగోది, ఏకంగా ఆవిరినే కొనుక్కోవడం. ఎవరో ఆ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక పెద్ద బాయిలర్ పెట్టి, పైపుల్లో ఆవిరి పంపి, మీటరు వేసి అమ్ముతున్నారు. "ఒక్కో బీముకు వీటిలో ఏది చవకో రెండు నెలల్లో తేల్చు. అదే పెట్టేద్దాం," అన్నాడు సేఠ్. అంత పెద్ద నిర్ణయం నా చేతిలో పెట్టేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

బాయిలర్ దగ్గరి మనిషి మన తెలుగువాడేనని తెలిసి ఇంకా సంబరపడ్డాను. సిరిసిల్ల వైపు నుంచి పెళ్లైన కొత్తలోనే వచ్చి, గోడాదరాలో ఒక గదిలో కాపురం పెట్టి, ముప్పై ఏళ్లుగా నిప్పు ముందే బతుకుతున్న మనిషి. బక్కపల్చటి ఒళ్లు, మెడలో తడి తువ్వాలు, కాలిపోయి మళ్లీ మొలిచిన కనుబొమలు. అందరూ ఆయన్ని కాకా అనే పిలిచేవారు. గుజరాతీలోనూ చిన్నాన్నను అలాగే పిలుస్తారు కాబట్టి సేఠ్ కూడా కాకా అనేవాడు. నేను లాప్‌టాప్ తెరిచి, బాయిలర్ సామర్థ్యం గురించి చదువుకున్నదంతా ఆయన ముందు కుమ్మరించాను. ఆయన బొగ్గు పారకు ఆనుకుని ఓపిగ్గా మొత్తం విన్నాడు.

"మంచిగున్నది బిడ్డా. ఇంతకు మీ ఇంట్ల గ్యాస్ సిలిండర్ ఎన్ని దినాలొస్తది?"

నాకు తెలియదు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో వేళకు అన్నం తిన్నదాన్ని, తెలియదు.

"అమ్మనడిగి రా. రేపు ముచ్చట వెడుదాం," అని పార అందుకున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంజనీరింగ్ చదివినదాన్ని పట్టుకుని వంటింటి ప్రశ్నలా అని రైల్లో దారి పొడుగునా సణుక్కున్నాను. అయినా ఇంటికి వెళ్లి అడిగాను. అమ్మ రొట్టె తిప్పుతూ, వెనక్కి కూడా చూడకుండా చెప్పింది. "నేనొక్కదాన్నే వండితే నెల దాటుతది. మీ చిన్నత్త వచ్చి వారం ఉన్నదనుకో, ఇరువై దినాలకే గాయబ్. ఆమెకు పొయ్యి తగ్గిచ్చుడే రాదు. పాలు పొంగినంక సుత మంట గట్లనే ఉంచుతది." మర్నాడు ఆ మాట చెబితే కాక ముఖం విప్పారింది. "అదే సిలిండర్, అదే పొయ్యి. మరి దినాలెందుకు తక్కువైనయి? మొదలు గది రాసుకో." నేను రాసుకోలేదు. ఇందులో రాసుకోవడానికేముంది, నా తలకాయ, అనుకున్నాను. ఆ రాసుకోని మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

అక్కడ రెండు పాళీలు, అంటే షిఫ్టులు, పగలొకటి, రాత్రొకటి. ఒక పాళీ కాకది, రెండోది సుదామ్ అనే ఒడిశా మనిషిది. పదిహేను రోజులకోసారి పాళీ మారుతుంది, పగటి మనిషి రాత్రికి, రాత్రి మనిషి పగటికి. నేను లింబాయత్ నుంచి షేర్ ఆటోలో స్టేషన్‌కూ, అక్కడి నుంచి రైల్లో కిమ్‌కూ వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లిపోయేదాన్ని కాబట్టి, పగటి పాళీ ఎవరిదైతే వాళ్లే నాకు దొరికేవాళ్లు. నేను చేరిన మొదటి పదిహేను రోజులూ అది కాకది.

ఆ పదిహేను రోజులూ నాకు పండగే. బొగ్గును కుప్పగా పోయకుండా పలచగా, విత్తనాలు జల్లినట్టు జల్లేవాడు. సన్నటి పొడి గాలికి చిమ్నీలోకి ఎగిరిపోకుండా దాని మీద కాసిన్ని నీళ్లు చిలకరించేవాడు. చిన్న కంతలోంచి లోపలికి చూడమనేవాడు. "మంట రంగు జూడు. ఎర్రగ మందంగ ఉంటే ఆకలి మీదున్నట్టు. నారింజ పండు లెక్కుంటే కడుపు నిండినట్టు." ఒకరోజు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఆవిరి పైపు మీద పెట్టి, దాని కట్టె పిడిని నా చెవికి ఆనించాడు. "ఇన్నవా? టక్, టక్ అని ఆగి ఆగి కొడితే మంచిగున్నట్టు. సుయ్యిమని ఆగకుంట మోగుతుంటే ఆవిరి ఉత్తగ పోతున్నట్టు." వేల రూపాయలు పోసి కొన్న నా కొలత యంత్రం పట్టుకోలేని లీకును ఆ స్క్రూడ్రైవర్ పట్టుకుంది. మధ్యాహ్నం లచ్చవ్వ చిన్నమ్మ, ఆయన భార్య, కట్టిచ్చిన సర్వపిండిని బాయిలర్ తలుపు పక్కన వెచ్చబెట్టి సగం విరిచి నాకిచ్చేవాడు. మా నాన్నకు మగ్గాల చప్పుడుకు చెవులు పోయాయి. ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి, అందుకని ఇంట్లో మేము ఎక్కువ మాట్లాడుకోం. ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే ఎంత బాగుంటుందో నాకు ఆ షెడ్డులోనే తెలిసింది.

తర్వాతి పదిహేను రోజులు పగటి పాళీ సుదామ్‌ది. ఆ రోజుల్లో నేను బాయిలర్ వైపు వెళ్లలేదు. గ్యాస్ వాళ్ల దగ్గరికి, తెల్లబొగ్గు అమ్మేవాళ్ల దగ్గరికి, అప్పటికే పైపు ఆవిరి తీసుకుంటున్న సేఠ్ బావమరిది యూనిట్‌కూ తిరిగి అంకెలు పట్టుకొచ్చాను. పని ఎక్కువగా ఉంది, కుదరలేదు, అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆవిరి కొనడం మొదలుపెడితే ఇక అక్కడ బాయిలరే ఉండదు, బాయిలర్ లేకపోతే కాక ఉండడు. కాక పాళీలో తీసిన లెక్కలో బొగ్గు కొద్దిలో కొద్దిగా గెలుస్తోంది. సుదామ్ పాళీలో ఏం తేలుతుందో తెలుసుకోవాలని నాకు లేదు. అంతే.

కాక మళ్లీ పగటి పాళీకి రాగానే కాగితం పట్టుకుని పరిగెత్తాను. "కాకా, బొగ్గే గెలిచింది! నీ బాయిలర్‌ను ఇక ఎవ్వరూ కదపలేరు!" అన్నాను. ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నన్నే చదవమన్నాడు. గ్యాస్ అన్నిటికంటే ఖరీదు. తెల్లబొగ్గు వానాకాలం తడిస్తే దండగ. పైపు ఆవిరి రెండో స్థానం. బొగ్గు మొదటిది. మొత్తం విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎవరి పాళీల దీసినవ్ గీ లెక్క?"

"నీ పాళీలోనే కాకా."

"సుదామ్‌ది?"

"కుదరలేదు."

"జూట్ మాట్లాడకు బిడ్డా." గొంతు పెంచలేదు. "గిది బొగ్గు లెక్క గాదు. గిది రాజమల్లు లెక్క. సేఠ్ నిన్నడిగింది బొగ్గు లెక్క."

గట్టిగా అరిచాను. "అది కూడా తీస్తే నీ నౌకరి పోతుంది! తెలుస్తోందా నీకు?"

"నా నౌకరి నాది. లెక్క నీది. నాది నిలవెట్టనీకి నీది కూలగొట్టుకుంటవా?" అన్నాడు. తర్వాత నా పక్కన బొగ్గు బస్తా మీద మెల్లగా, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. "ఇంకో ఏడాదో రెండేండ్లో, నా కాళ్లు గింతే. నేను పోయినంక గీ కాగితం తీస్కపోయి సుదామ్ ముంగట వెడ్తరు. కాకకు గింత బొగ్గుతోని అయింది, నీకెందుకు అయితలేదు అని రోజు తిడ్తరు. అప్పుడు వానికి జవాబు ఎవరు చెప్పాలె? నువ్వొస్తవా?"

అక్కడే ఏడ్చేశాను. బొగ్గు అంటిన చేతులతోనే ముఖం తుడుచుకున్నాను. కాక నా వాలకం చూసి కిసుక్కున నవ్వి, "గిప్పుడు పక్కా బాయిలరోళ్ల బిడ్డవైనవ్ పో," అని తన తడి తువ్వాలు ఇచ్చాడు.

చివరి పదిహేను రోజులు మళ్లీ సుదామ్‌వి. ఉదయం పాళీ మారేటప్పుడు కాక ఇంటికి వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు. "వాని ఎనుక నిలవడి రాయకు. పక్కకు నిలవడు. ముందుగాల చాయ్ తాగనియ్యి." నేను చాయ్ తాగనిచ్చాను, పక్కనే నిలబడ్డాను, అయినా లోపల పళ్లు నూరుతూనే ఉన్నాను. సుదామ్ తలుపు తెరిచి, నాలుగు పారల బొగ్గు ఒక్కసారే విసిరి, టప్పున మూసేసేవాడు. చిమ్నీలోంచి నల్లటి పొగ. ఆ పొగలో కాక జీతం కళ్ల ముందే కాలిపోతున్నట్టుండేది. మూడో రోజు పట్టలేక, "అలా కుప్పగా పోస్తారా ఎవరైనా? పలచగా జల్లలేరా?" అని కసిరాను. ఆయన చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఎప్పుడో మంట ఎదురు తన్నిందట. "ఎక్కువసేపు తలుపు తీసి ఉంచితే అది నా వైపే చూస్తుంది దీదీ," అన్నాడు హిందీలో. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆయన్ని ఒక్క మాట అనలేదు.

లెక్క తేలింది. ఇద్దరి పాళీలూ కలిపితే బొగ్గు కంటే పైపు ఆవిరే చవక, అనుమానం లేకుండా చవక. కాగితం తీసుకెళ్లి కాకకు చదివి వినిపించాను. ఆయన ఒకే ఒక్క దిద్దుబాటు చెప్పాడు: "పేర్లు తీసెయ్యి. రెండు పాళీలు కలిపి ఒకటే అంకె రాయి."

సేఠ్ కాగితం రెండుసార్లు చదివి, నన్ను నమ్మలేక కాకను పిలిపించాడు. "కాకా, ఈ అమ్మాయి నీ బాయిలర్ తీసేయమంటోంది. ముప్పై ఏళ్ల మనిషివి, నువ్వు చెప్పు, ఇది నిజమేనా?" కాక తల అడ్డంగా ఊపితే చాలు, సేఠ్ నా కాగితం చించి అవతల పారేసేవాడు. ఆ ఒక్క క్షణం, దేవుడా, ఊపితే బాగుండుననే అనుకున్నాను. కాక తువ్వాలు భుజం మీద సర్దుకుని, "సచ్ హై సేఠ్, పక్కా హిసాబ్ హై," అన్నాడు. లెక్క నిజమేనని ఒప్పుకుని, ఒక్క కోరిక కోరాడు. సుదామ్‌కు పిల్లలు చిన్నవాళ్లు, వాడిని బీముల మిషన్ మీద వేసుకోవాలి. సేఠ్ సరేనన్నాడు. తన కోసం కాక ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను. "నీకూ ఒక నోరుంది కదా! నీ సంగతి అడగవేం? చిన్నమ్మకు ఏం చెబుతావు?" ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "గదే ఆలోచిస్తున్న," అన్నాడు. ఆయనకూ భయం వేసిందని నాకు అప్పుడు తెలిసింది.

పైపులు వచ్చి, మీటరు బిగించాక బాయిలర్ ఆర్పే రోజు వచ్చింది. నీళ్లు కొట్టి గంటలో ఆర్పేయవచ్చు. కాక మాత్రం పొద్దున్నే మొదలుపెట్టి, నిప్పును కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ, గాలి తలుపు వేలెడంత వేలెడంత మూస్తూ, సాయంత్రం దాకా తీసుకున్నాడు. ఒక్కసారిగా చల్లబడితే లోపలి ఇటుకలు పగుళ్లిస్తాయట. "రేపు పాత ఇనుము వాళ్లొచ్చి దీన్ని కోసి పట్టుకుపోతారు కాకా. ఇటుకలు పగిలితే ఎవరికి నష్టం?" అన్నాను. "వాళ్లు కోసేది రేపు. ఇయ్యాల ఇది మన బాయిలరే," అన్నాడు. సుదామ్ కూడా మిషన్ దగ్గర నుంచి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. బాయిలర్ గోడ మీద ముగ్గురం అరచేతులు ఆనించి, ఆ వెచ్చదనం తగ్గేదాకా ఉన్నాం.

సేఠ్ ఆయనకు గేటు దగ్గర కుర్చీ వేయించాడు. ఊరికే కూర్చోవడం చేతకాక వారం తిరక్కుండానే మానేశాడు. కొన్ని నెలలు లచ్చవ్వ చిన్నమ్మ చీరలకు లేసులు కుట్టిన డబ్బుతోనే ఇల్లు గడిచింది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే ఆ నెలల్లో గోడాదరా వైపు వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. తర్వాత సొంతంగా ఈ పని మొదలుపెట్టినప్పుడు మొదట చేసింది ఆ గది తలుపు తట్టడమే. "కాకా, నాకు అంకెలు వచ్చు, చెవులు లేవు. నాతో వస్తావా?" అన్నాను. ఆయన మంచం కింద నుంచి స్క్రూడ్రైవర్ తీసి, దుమ్ము దులిపి, చిన్నమ్మతో, "రొట్టెలు కట్టు, డ్యూటీకి పోతున్న," అన్నాడు. ఆరేళ్లు కలిసి తిరిగాం. నేను ఆఫీసు గదుల్లో కాగితాలు చూస్తుంటే ఆయన పైపుల వెంట నడుస్తూ వినేవాడు. ఆయన విన్నది నేను రాసేదాన్ని.

చివర్లో ఊపిరితిత్తులు మొండికేశాయి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఉంటే, ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం వైపు వేలు చూపించి, "సుయ్యిమంటున్నది. జర జూడుమను," అన్నాడు. నర్సు నవ్వుతూనే వచ్చి చూసింది. గొట్టం అతుకు దగ్గర నిజంగానే కొంచెం వదులుగా ఉంది. బిగించి వెళ్లింది. కాక నా వైపు గర్వంగా కన్ను గీటాడు. అదే మా ఇద్దరి ఆఖరి లీకు.

మొన్నటి యూనిట్ యజమాని నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టాడు. తెల్లబొగ్గే చవక అని తేలింది, నేను సంతకం పెడితే చాలు. గడులన్నీ చక్కగా నింపి ఉన్నాయి, తప్పుపట్టడానికి ఒక్క అంకె లేదు.

"ఎవరి పాళీలో తీశారు ఈ లెక్క?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "మా సీనియర్ మనిషి పాళీలో మేడమ్. అందరికంటే బాగా చేసేది ఆయనే కదా."

"రెండో ఆయన ఎప్పుడొస్తారు?"

"సాయంత్రం ఏడింటికి. కానీ ఆయన అంత..."

"ఉంటాను," అని అమ్మకు ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, బాయిలర్ షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. ఏడింటికి ఆ మనిషి వచ్చాడు. నన్నూ నా చేతిలోని కాగితాన్నీ చూసి గుమ్మంలోనే ఆయన అడుగు తడబడింది. కాగితం సంచిలో పెట్టేశాను. లేచి ఆయన పక్కకు వచ్చి, రెండు చాయ్‌లు తెప్పించాను. "తొందరేం లేదు భాయ్, ముందు చాయ్ తాగండి," అన్నాను. ఆయన గ్లాసు అందుకుని బెరుకుగా ఊదుకుంటూ తాగసాగాడు. నేను సంచిలోంచి కాక స్క్రూడ్రైవర్ తీసి, కొనను పైపు మీద పెట్టి, కాక చెమటకు నల్లబడిన పిడిని చెవికి ఆనించుకున్నాను. టక్, టక్. ఆగి ఆగి కొడుతోంది.

"మంచిగున్నది కాకా," అన్నాను, ఎవరికీ వినపడకుండా.